చింతపొట్టు జిగురు ఎవరికైనా తట్టేదేనా

జిగురు పనిలో చేరే పిల్లలకు ముందే చెబుతున్నాను. ఈ పనిలో మొదట పోయేది ముక్కు, చివరిదాకా పనికొచ్చేది గోరు. అమోనియా ఘాటు కొన్నాళ్ళకు అలవాటైపోతుంది, ఆ తర్వాత ఇంట్లో పప్పు మాడినా తెలియదు. బొటనవేలి గోరు అట్లా కాదు. సీసా మీది లేబుల్ మూలను గోటితో లేపి చూస్తే, ఆ జిగురు నిలిచేదో, నట్టేట ముంచేదో చెప్పేస్తుంది.

నేను ఐదో తరగతి దాటలేదు. కాజీపల్లిలో సీసాల లేబుళ్ళకు జిగురు వండే ఒక చిన్న షెడ్డులో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పరీక్ష పని చేశాను. ఇప్పుడు అమీన్‌పూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలు ఈ మధ్య ఒక రంగుల కంపెనీ ల్యాబులో కుదిరింది. "అమ్మమ్మా, పేటెంటు కేసుల నువ్వు గూడ మాట్లాడినవు గదా, గది రాసియ్యి, మా దోస్తులు సదువుతరు" అని ఒక కట్ట తెల్లకాగితాలు కొనుక్కొచ్చింది. ఒకవైపు అచ్చయిన కాగితాలు ఇంట్లో గుట్టలుగా ఉండగా కొత్తవి ఎందుకు? ఆ కట్ట దుకాణంలో తిరిగి ఇప్పించి, పాతవాటి వెనకవైపే రాస్తున్నాను.

నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరి పైన ఎవరు అధికారో రాయను. అవి మీకు ఎందుకూ పనికిరావు.

సీసాకు రెండు కోరికలు

మేం వండిన జిగురు అంటించేది తిరిగొచ్చే సీసాలకు. అంటే, తాగేసిన సీసా మళ్ళీ ఫ్యాక్టరీకి వస్తుంది, కడిగి మళ్ళీ నింపుతారు. అందుకని ఆ జిగురును, కొత్త కోడలిని అడిగినట్టు, ఒకదానికొకటి పొసగని రెండు కోరికలు అడుగుతారు. ఐసు తొట్టిలో పొద్దంతా మునిగి ఉన్నా లేబుల్ కదలకూడదు. అదే లేబుల్, కాస్టిక్ సోడా వేసిన వేడినీళ్ళు తగలగానే మారు మాట లేకుండా ఊడి రావాలి.

రెంటికీ ఒప్పుకునేది పాల నుంచి తీసే కేసీన్ పొడి. మేం దాన్ని పాలపొడి అనేవాళ్ళం. నీళ్ళలో నానబెట్టి, అమోనియా పోసి, వేడి చేస్తే జిగురవుతుంది. బాగా పట్టుకుంటుంది కానీ దాని ధర మన చేతిలో ఉండదు. ఒక్కోసారి చూస్తుండగానే కొండెక్కేది.

నా పని చిన్నది. ప్రతి వాయి నుంచి కొంచెం తీసి, చల్లటి తడి సీసాకు లేబుల్ అంటించి, ఐసు బకెట్టులో పెట్టడం. తర్వాత తీసి గోటితో మూల లేపడం. లేవకపోతే వేడి సోడానీళ్ళలో ముంచి చూడటం. రెండూ నెగ్గితేనే సరుకు బయటికి పోయేది. ఈ పనిలో దయ పనికిరాదు. "జెర్రంత లేచింది గదా, పోనీలే" అన్నావంటే, లారీ నిండా సరుకు వెనక్కొస్తుంది.

సేటు, గఫార్ భాయ్

మా యజమాని విశ్వనాథం సేటు. సంగారెడ్డిలో ధాన్యం, చింతపండు వ్యాపారం చేసే కుటుంబం. అన్నదమ్ములు దుకాణంలో కూర్చుంటే ఈయన జిగురులో దిగాడు. సంచి విప్పిన సుతిలి దారం కూడా పారేయనిచ్చేవాడు కాదు. గదిలోంచి తాను లేచి పోతూ ఫ్యాను ఆపేసేవాడు, లోపల ఇంకా మనుషులున్నారని చూసుకునేవాడు కాదు. అందరూ ఆయన్ని పిసినారి అనేవాళ్ళు. నేను అనను. పారేయడం సులువని ఆ మాట అంటారు, అంతే.

జిగురు వండేది గఫార్ భాయ్. పటాన్‌చెరు మనిషి. ఈ పనికి రాకముందు దావతుల్లో బిర్యానీ, హలీం వండేవాడు. ఆ వంటవాడి అలవాటు ఇక్కడా పోలేదు. డ్రమ్ములో తెడ్డు తిప్పుతూ, "అక్కా, దమ్ము మీదున్నది, మూత తియ్యకు" అనేవాడు. మేమిద్దరం ఒకరి పని ఒకరం రోజూ తిట్టుకునేవాళ్ళం. నేను వాయి తప్పిందంటే ఆయన ఆ పూట నాతో మాట్లాడేవాడు కాదు. మర్నాడు పొద్దున చాయ్ నా ముందు పెట్టి, "సీసానే ఖరాబున్నది" అనేవాడు. నా ఉద్యోగంలో ఇంతకంటే మంచి తోడు దొరకలేదు.

విరిగిన వాయి

ఒక ఎండాకాలం పాలపొడి ధర పెరిగిపోయింది. సేటు తల పట్టుకుని కూర్చుంటే నేనే అన్నాను.

"సేటూ, మా అమ్మ గొంగళ్ళ దారాలకు చింతగింజల గంజి పెడుతుండె. మంచిగ పట్టుకుంటది. సగం గది కలిపి సూస్తే?"

మేం కురుమలం. మగ్గం ఎక్కే ముందు గొంగడి నూలుకు చింతగింజల గంజి పట్టించడం మా ఇళ్ళలో అందరూ చేసేదే. సేటుకు మాట నచ్చింది. చింతగింజలు వాళ్ళ దుకాణానికే వస్తాయి. మా వైపు చింతపండు కొట్టే ఆడవాళ్ళకు గింజలు విడిచిపెట్టడం ఆనవాయితీ, వాళ్ళు వాటిని పోగుచేసి అమ్ముకుంటారు. పొట్టు తీసిన తెల్ల గింజల పిండి కలిపి చూశాం. అంటుకుంది. ఐసులో పెడితే జారింది. ఆ కథ అక్కడికి ఆగిపోవలసిందే.

ఆగలేదు, ఎందుకంటే సేటు ముందే చెప్పి ఉంచిన ఇంకొన్ని బస్తాలు తర్వాత వచ్చాయి, ఆ గింజలు వేరు. నమలడానికి నల్లగా వేయించిన గింజలు, పొట్టుతో సహా వచ్చాయి. పొట్టు తీసే ఆడవాళ్ళు నాట్లకు పోయారు. సేటు వాటిని అట్లాగే పిండి పట్టించి తెచ్చాడు.

"పొట్టు తియ్యలే గద సేటూ!" అన్నాడు గఫార్ భాయ్.

"పొట్టుకు గూడ తూకం ఇచ్చిన. ఎందుకు తీస్త?"

చింతపొట్టు వగరు. వగరు తగిలితే పాలు విరుగుతాయని పొయ్యి దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుసు. అదే అయింది. డ్రమ్ములో గడ్డలు ఒకవైపు, ఎర్రనీళ్ళు ఒకవైపు.

"ఖతం. దూద్ ఫట్ గయా" అని గఫార్ భాయ్ తెడ్డు కింద పెట్టేశాడు. ఏ షెడ్డులోనైనా తర్వాతి పని డ్రమ్ము బోర్లించడమే. సేటు అడ్డం నిలబడ్డాడు.

"పారబోస్తే డ్రమ్ముల పాలపొడి నీ అయ్య ఇస్తడా? ఉండనియ్యి. ఏదన్న జేద్దాం."

మర్నాటికి గడ్డలు డ్రమ్ముకు అతుక్కుపోయాయి. కనీసం డ్రమ్మయినా దక్కించుకుందామని గఫార్ భాయ్ అందులో అమోనియా పోశాడు, మామూలుగా పోసేదానికంటే చాలా ఎక్కువ. గడ్డలు కరిగి, చాయ్ రంగులో నున్నటి జిగురు తయారైంది. అమోనియా ఎక్కువైతే లేబుల్ తడికి నిలవదని ఈ పనిలో అందరికీ తెలిసిన మాట. నేను నమ్మకం లేకుండానే, పక్కనున్న సీసాకు రాసి, ఐసు బకెట్టులో పడేశాను. చాలాసేపటి తర్వాత తీసి గోరు పెట్టాను. మూల లేవలేదు. ఇంకొంచెం గట్టిగా పెట్టాను. గోరు విరిగింది.

"సోడానీళ్ళల్ల ఎయ్యక్కా" అన్నాడు గఫార్ భాయ్, గొంతు తగ్గించి. వేశాను. లేబుల్ పువ్వు రాలినట్టు ఊడి పైకి తేలింది.

అది దేవుడిచ్చిన వాయి అనుకుని సంబరపడితే, మళ్ళీ చేద్దామంటే రాలేదు. వానాకాలమంతా గఫార్ భాయ్ దాని వెంట పడ్డాడు. ఒకసారి విరిగేది, ఒకసారి ఐసులో జారేది. చివరికి వరస దొరికింది. గింజ నల్లగా వేగాలి, అమోనియా ముందే పడాలి, జిగురు చల్లారాకే పొట్టుపిండి కలపాలి. ఎందుకట్లా అన్నది తర్వాత ఒక కెమిస్టు చెప్పాడు. డ్రమ్ములో ఉన్నంతసేపు అమోనియా వగరును పాల జోలికి పోనివ్వదట. సీసా మీద పలుచగా రాయగానే అమోనియా ఎగిరిపోతుంది. అప్పుడు వగరు పాలను పట్టుకుంటుంది. విరగడమే అక్కడ బలమైంది.

గోడకెక్కిన కాగితం

సేటు పేటెంటుకు పెట్టాడు. అంటే, ఈ జిగురు ఫలానావాళ్ళు కనిపెట్టారు, కొన్నేళ్ళు వాళ్ళను అడగకుండా ఇంకెవరూ చేయకూడదు అని సర్కారు ఇచ్చే హక్కు. కనిపెట్టినవాళ్ళ దగ్గర గఫార్ భాయ్ పేరు కూడా రాయించాడు. "వండినోని పేరు లేకపోతే అన్నం అరుగది" అన్నాడు. సుతిలి దారం దగ్గర చేయి ముడిచే మనిషి పేరు దగ్గర ముడవలేదు. ఇది గుర్తుంచుకోండి.

తప్పు వేరేచోట జరిగింది. కాగితం రాసిన పెద్దమనిషి మొదటి హక్కును చాపలా పరిచాడు. "చింతగింజల పిండి కలిసిన ఏ పాలజిగురైనా వీళ్ళదే" అని. మా అసలు పనితనం, అంటే వేగిన పొట్టు, అమోనియా, ఆ వరస, కిందెక్కడో రెండో హక్కుగా పెట్టాడు. సేటుకు పెద్ద చాపే నచ్చింది. కాగితం అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించాడు.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. షెడ్డు ఆ ఒక్క జిగురు మీదే బతికింది. నేను పని మానేశాక, ఒక పెద్ద కంపెనీ ఆ పేటెంటు కొట్టేయమని అభ్యంతరం వేసింది. పాలజిగురు మీద ఒక పాత కాగితం, చింతగింజల జిగురు మీద ఇంకో పాత కాగితం చూపించింది. రెండూ లోకానికి ముందునుంచీ తెలిసినవే, రెండూ కలపడం ఈ పనిలో ఉన్న ఎవరికైనా తట్టేదే, దీనికి హక్కేంటి అన్నది. వాళ్ళు గెలిస్తే అదే జిగురు మాకంటే చవకగా పోస్తారు. మా షెడ్డుకు తాళమే. అందులో పనిచేసే ఆడవాళ్ళలో సగం మంది నేను పని నేర్పినవాళ్ళు.

సేటు గదిలో

సేటు కబురు పెడితే పోయాను. హైదరాబాద్ నుంచి శ్రావణి అనే అమ్మాయి వచ్చి ఉంది. కెమిస్ట్రీ చదివి పేటెంటు కేసులు చూస్తుంది. సేటు ఒక ఇంగ్లీషు కాగితం నా ముందుకు తోశాడు. చదివి చెబుతుందని మనవరాలిని తీసుకుపోయాను కాబట్టి సరిపోయింది. 'పాలజిగురులో చింతగింజల పిండి కలపొచ్చని మా చుట్టుపక్కల ఎవరికీ, ఎప్పుడూ తట్టలేదు' అని నేను ప్రమాణం చేస్తున్నట్టు ఉంది.

"గిదానికి నేను సంతకం పెట్ట సేటూ."

"ఎందుకు పెట్టవు?"

"తట్టకపోవుడేంది? పాలపొడి పిరమైంది, మీరు తల పట్టుకున్నరు, నేను నోరు తెరిచిన. చాయ్ చల్లారకముందే తట్టింది. జిన్నారం దిక్కు షెడ్లల్ల అప్పటికే మైదా కలుపుతుండిరి. పిరమైనదాంట్ల చౌకది కలుపుడు గూడ ఒక విద్యనా? పాలల్ల నీళ్ళు కలిపెటోనికి సర్కారు ముద్ర ఎయ్యది."

సేటు ముఖం ఎర్రబడింది. "నా ఉప్పు తిని నాకే ఉరి పెడుతున్నవా మాణెమ్మా?"

"ఉప్పు తిన్న గనుకనే చెప్తున్న. అబద్ధం మూల దగ్గర లేస్తది. ఒక్క మూల లేస్తే లేబుల్ మొత్తం ఊడుతది."

శ్రావణి కుర్చీ ముందుకు జరుపుకుంది. "సార్, నేను రెండు రోజుల నుంచి మీకు ఇదే ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. అమ్మ చెప్పేశారు. మొదటి హక్కు నిలవదు. మనమే వదులుకుందాం. రెండో హక్కు మీద నిలబడదాం."

"అది విడిచిపెడితే ఇగ నాకు మిగిలేదేంది? పొట్టా?"

"పొట్టే సేటూ" అన్నాను. "తెల్లపిండి కలిపిన జిగురు నేను ఐసుల పెట్టి సూసిన గదా, జారింది. గది వాళ్ళను చేసుకోనియ్యి, అమ్ముకోనియ్యి. సీసాలు వాళ్ళ ముఖం మీదనే కొడతరు."

నవ్వొచ్చినా సేటు నవ్వలేదు. పొట్టు సంగతైనా ఎవరికీ తట్టదని ఎట్లా చెప్పగలనని శ్రావణి నన్ను ఎదురడిగింది. మంచి ప్రశ్న.

మా చిన్నప్పుడు పొడుపు కథలు వేసుకునేవాళ్ళం. విప్పేదాకా గోళ్ళు కొరుక్కునేవాళ్ళం, విప్పాక "ఓస్, గింతేనా" అనేవాళ్ళం. 'ఓస్' అన్నవాడు విప్పినవాడు కాడు. ఎవరికైనా తట్టేదా కాదా అని తూచాలంటే, విప్పిన తర్వాత కాదు, విప్పకముందు రోజున నిలబడి చూడాలి. ఆ రోజు, ఆ పాత కాగితాలు రెండూ ముందున్నా, మామూలు జిగురు మనిషి ఏం చేసేవాడు? పొట్టు తీసేసేవాడు. తీయకుండా విరిగితే పారబోసేవాడు. అమోనియా ఎక్కువ పోయడానికి భయపడేవాడు. మూడు చోట్లా వాడికి తెలిసిన విద్యే వాడిని వద్దని వెనక్కి లాగుతుంది. ముందుకు పొమ్మని ఒక్కటీ చెప్పదు. ఇదే శ్రావణికి చెప్పాను.

"ఇదే అమ్మా, ఇట్లాగే రాద్దాం" అంది. తాను చదివిన పాత కాగితాల్లో కూడా పొట్టు పూర్తిగా తీయాలనే ఉందని చూపించింది. నేను గోటితో పట్టుకున్నది ఆ పిల్ల చదువుతో పట్టుకుంది. రెండు వైపులా పట్టు ఉంటేనే లేబుల్ నిలుస్తుంది.

సేటు మొదటి హక్కు వదులుకునే కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, నాతో మాట్లాడటం మానేశాడు.

తెర మీద విచారణ

విచారణ పేటెంటు ఆఫీసు అధికారి ముందు, కంప్యూటర్ తెర మీద జరిగింది. సేటు ఆఫీసులో అందరం ఇరుక్కుని కూర్చున్నాం. ఫ్యాను శబ్దానికి మాట వినపడదని వంక పెట్టి సేటు దాన్ని ఆపేశాడు. కరెంటు కోసమని నాకు తెలుసు.

పెద్ద కంపెనీ తరఫున ఒక ముసలి ప్రొఫెసర్ వచ్చాడు. నిదానమైన మనిషి. శ్రావణి ఆయన్ని మర్యాదగా అడిగింది.

"సార్, పొట్టు పడి కేసీన్ విరిగితే మీరు ఏం చేస్తారు?"

"పారేస్తాను."

"అమోనియా ఎక్కువ పోసి చూడొచ్చు కదా?"

"పోస్తే కరగొచ్చు. కానీ లేబుల్ తడికి ఆగదు కదా. ఎవరూ ఆ పని..." అని ఆగాడు. తాను ఎక్కడికి వచ్చాడో ఆయనకే తెలిసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఎవరూ ఆ పని చేయరు" అని మాట పూర్తిచేశాడు. ఆయన్ని పిలిపించుకున్నది అవతలివాళ్ళు. మాట మింగేయొచ్చు. మింగలేదు. విద్య అంటే అది.

అవతలి లాయరు ఊరుకోలేదు. డ్రమ్ము కడగబోతే దొరికింది కనిపెట్టడం ఎట్లా అవుతుందన్నాడు. ఎట్లా దొరికిందన్నది కాదు, ఇంకొకరికి తట్టేదా కాదా అన్నదే లెక్క అని శ్రావణి చెప్పింది. దొరికినదాన్ని మళ్ళీ రప్పించడానికి వానాకాలమంతా పట్టిన సంగతి కూడా చెప్పింది. అప్పుడు అధికారి గఫార్ భాయ్‌ని హిందీలో తానే అడిగాడు, అందరూ పారబోసేదాన్ని నువ్వెందుకు పారబోయలేదని.

గఫార్ భాయ్ టోపీ సరిచేసుకుని లేచి నిలబడ్డాడు. తెరలో ఆయన కడుపు మాత్రమే కనబడింది.

"క్యా కరూఁ సాబ్, హమారే సేట్ ఫేంకనే నై దేతే."

మా సేటు పారేయనివ్వడు, నేనేం చేసేది అన్నాడు. అధికారి నవ్వాడు, ప్రొఫెసర్ నవ్వాడు, అవతలి లాయరు కూడా నవ్వాడు. సేటు ఒక్కడే బిగుసుకుని కూర్చున్నాడు. మామూలు మనిషికి తట్టేదా అని కదా అడుగుతున్నారు. పారేసే దగ్గర మా సేటు మామూలు మనిషి కాదని ఆ రోజు అందరి ముందూ తేలిపోయింది.

తీర్పు

చాలా రోజులకు సేటు నుంచి ఫోను వచ్చింది. "మాణెమ్మా, జెర వచ్చి పో" అన్నాడు, అంతే. గెలిచిందీ ఓడిందీ చెప్పలేదు, మాటకు పైసలు పోతాయన్నట్టు. షేరు ఆటో ఎక్కి కాజీపల్లి పోయాను.

గేటు దగ్గరే అమోనియా ఘాటు తగిలింది. పోయిందనుకున్న ముక్కు ఆ రోజు బాగా పనిచేసింది. లోపల డ్రమ్ము తిరుగుతోంది, ఆడవాళ్ళు సీసాలు తుడుస్తున్నారు. గఫార్ భాయ్ తెడ్డు ఎత్తి సలాం పెట్టాడు.

మొదటి హక్కు లేదు. రెండోది నిలిచింది. చింతగింజల జిగురు మా అమ్మది, ఆమెలాంటి వాళ్ళందరిదీ. అది వాళ్ళకే పోయింది. పొట్టును పాలతో కలిపి నిలబెట్టిన జిగురు ఈ షెడ్డుది, ఇక్కడే ఉండిపోయింది. ఏది తనదో, ఏది అందరిదో విడదీసి చెప్పడమే ఆ తీర్పు. మీరు ఏ ల్యాబులో కూర్చున్నా, తీర్పు మీ దగ్గరికి వచ్చినప్పుడు అట్లా విడదీయడానికి భయపడకండి.

ఆఫీసు గోడ మీద పాత పేటెంటు కాగితం అద్దంలోనే ఉంది. ఆ అద్దం మీదనే కొత్త తీర్పు కాగితం అంటించి ఉంది.

"గిదేంది సేటూ, కొత్త ఫ్రేము కట్టించకపోతివి?"

"ఫ్రేమెందుకు దండుగ? మన జిగురు లేదా?" అన్నాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని, "నువ్వొచ్చి సూస్తవని మొన్ననే అంటించిన. మూల సూడు" అన్నాడు.

నేను దగ్గరికి పోయి బొటనవేలి గోరు పెట్టాను. లేవలేదు.